తెగని డేటా ధార

సెకనుకు కోటి నమూనాలు తీసే 16 బిట్ల ఏడీసీ (అనలాగ్ సంకేతాన్ని అంకెలుగా మార్చే భాగం) నుంచి సెకనుకు 2 కోట్ల బైట్లు వస్తాయి. యూఎస్‌బీ 2.0 వేగం సెకనుకు 48 కోట్ల బిట్లు కాబట్టి ఈ ధారకు దారి సరిపోతుంది. అసలు చిక్కు మధ్యలో వచ్చే విరామాలతోనే. యూఎస్‌బీలో కంప్యూటర్ అడిగినప్పుడే పరికరం డేటా ఇవ్వగలదు. ఆపరేటింగ్ సిస్టమ్ వేరే పనిలో పడి 10 మిల్లీసెకన్లు ఆలస్యమైతే 2 లక్షల బైట్లు పోగుపడతాయి. వాటిని నిలవ ఉంచే బఫర్ లేకపోతే ఆ నమూనాలు శాశ్వతంగా పోయినట్టే.

అందుకే పరికరంలో డీఎంఏ అనే విభాగం, ప్రాసెసర్‌పై భారం పడకుండా నమూనాలను నేరుగా మెమరీకి చేరుస్తుంది. ఒక బఫర్ నిండుతుండగా మరొకటి ఖాళీ అవుతుంది. కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్ అనేక రీడ్ అభ్యర్థనలను ముందే వరుసలో ఉంచాలి. డేటాను ఒక థ్రెడ్ అందుకుంటే, డిస్కులో రాసే పని మరో థ్రెడ్ చూసుకోవాలి. ప్రతి ప్యాకెట్‌కూ వరుస సంఖ్య వేస్తే, ధార ఎక్కడ తెగినా వెంటనే తెలిసిపోతుంది.