కదలాడు మంచుపై కొలమానములు

1881లో జీనెట్ అను అమెరికా నౌక సైబీరియాకు ఉత్తరమున మంచుగడ్డల నడుమ నలిగి మునిగిపోయెను. మూడేండ్ల తరువాత ఆ నౌకవారి బట్టలు, కాగితములు గ్రీన్లండు నైరుతి తీరమున దొరికినవి. సైబీరియా యెక్కడ, గ్రీన్లండు యెక్కడ! ధ్రువసముద్రపు మంచు నిలిచియుండక నడచుచున్నదని ఆ వస్తువులే సాక్ష్యము పలికినవి. నార్వే శాస్త్రజ్ఞుడు నాన్సెన్ ఆ సాక్ష్యమును నమ్మి, 1893లో ఫ్రామ్ అను ఓడను కోరి మంచులో చిక్కించెను; ఆ ఓడ దాదాపు మూడేండ్లు మంచుతో కొట్టుకొనిపోయెను. 1937లో పాపానిన్, మరి ముగ్గురు సోవియట్ పరిశోధకులు ధ్రువమునొద్ద మంచుపలకపై దిగి 274 దినములు గడపిరి.

నేడు ఉపగ్రహములున్నవి కదా, ఈ శ్రమ యేల యని విద్యార్థి యడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. 2012 సెప్టెంబరులో మంచు వైశాల్యము సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు తగ్గినదని తెలిపినవి ఉపగ్రహములే. కాని మందమును పైనుండి కొలుచుట కష్టము. గడ్డపై పేరుకొన్న రాలుమంచు లెక్కను తారుమారు చేయును. (మనది మంచుసీమ కాదు గనుక రెంటికిని ఒకే మాటతో సరిపెట్టుకొంటిమి, అచట ఆ భేదమే ముఖ్యము.) రాలుమంచు కంబళివంటిది. అది దట్టముగా కప్పినచో సముద్రపు వేడి బయటికి పోజాలదు. శీతకాలమున గడ్డ మెల్లగా పెరుగును.

కావున మంచునకు నిలువునా బెజ్జము తొలిచి, దానిలో ఉష్ణమాపకముల గొలుసును దింపుదురు. ఐదు మీటర్ల గొలుసునకు రెండేసి సెంటీమీటర్ల కొకటి చొప్పున 240 మాపకములు. కొన్ని గాలిలో, కొన్ని రాలుమంచులో, కొన్ని గడ్డలో, తక్కినవి నీటిలో నుండును. వానికి స్వల్పముగా విద్యుత్తునిచ్చి వేడిచేయుదురు. గాలిలోనిది చప్పున వేడెక్కును. నీటిలోనిది ఇంచుమించు వేడెక్కదు. ఆ తేడానుబట్టి ఏ పొర యెచట ముగిసినదో తెలియును. లెక్కలు ఉపగ్రహము ద్వారా ఇల్లు చేరును.

చెప్పుట సులభము. 2019 అక్టోబరులో పోలార్‌ష్టెర్న్ అను జర్మను నౌక ఒక పలకను పట్టుకొని నిలిచినప్పుడు, ఆ యేటి మంచు పలుచన గనుక, తగిన పలకను వెదకుటయే పెద్ద పనియైనది. చుట్టును పదుల కిలోమీటర్ల మేర పరికరములను నాటిరి. చీకటిలో, సున్నకు దిగువ ముప్పది, నలువది డిగ్రీల చలిలో, లావు చేతితొడుగులతో సన్నని తీగెలు కలుపవలెను. ఎలుగుబంటి రాకుండ ఒకరు తుపాకితో కావలి యుండవలెను. నవంబరు తుపానులో పలక చీలి విద్యుత్తు తీగెలు తెగినవి.

2020 మే నెలలో, కోవిడ్ వలన చిక్కువడిన సిబ్బంది మార్పునకై నౌక స్వాల్‌బార్డు వైపు పోయెను. దాదాపు నెలనాళ్లు పలకపై మనుష్యుడు లేడు. నాటిన పరికరములు మాత్రము కొలుచుచునే యుండినవి. మరల వచ్చిన నౌక జూలై చివరివరకు పలకతో సాగినది. శిబిరము ఎత్తివేసిన కొలది దినములకే ఆ పలక ముక్కలైనది. అది కరగిన చోటు గ్రీన్లండుకు, స్వాల్‌బార్డుకు నడుమనున్న జలసంధి ప్రాంతము. ఆ జలసంధికి నాన్సెన్ ఓడ పేరే పెట్టియున్నారు.