బంగారాన్ని కాసే రంగు

పాత ఆఫీసుల గాజు తలుపుల మీద మెరిసే బంగారు అక్షరాలను చూస్తే, బంగారు రేకును అక్షరాల ఆకారంలో కత్తిరించి అతికించారనిపిస్తుంది. నిజానికి అక్షరం కోసం బంగారాన్ని ఎవరూ కత్తిరించరు. గాజు వెనకవైపు, అక్షరాలు రావలసిన చోటంతా, ముందు బంగారం పరిచేస్తారు. అక్షరం ఆ తర్వాత పుడుతుంది. దాన్ని పుట్టించేది ఒక మాస్క్. అదెలా పనిచేస్తుందో తెలిశాక ఈ విద్య మీద నాకు కలిగిన ఇష్టం ఇప్పటికీ తగ్గలేదు.

ముందు బంగారం సంగతి. రేకు మందం మిల్లీమీటరులో పదివేలవ వంతు ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా పడితే దాని గుండా ఆకుపచ్చ కాంతి వస్తుంది. చేత్తో ముట్టుకుంటే నలిగిపోతుంది కాబట్టి ఉడుత వెంట్రుకలతో చేసిన పలచటి వెడల్పాటి కుంచెతో ఎత్తుతారు. గాజుకు రాసే జిగురు కూడా నమ్మలేనంత పలచన: వేడినీళ్లలో కరిగించిన కాస్త జెలటిన్, అంతే. తడి గాజు దగ్గరికి రేకును తేగానే అది ఎగిరి అతుక్కుంటుంది. నీరు ఆరుతున్నకొద్దీ తలతన్యత రేకును గాజుకేసి లాగి సాపు చేస్తుంది. నీరంతా పోయాక మిగిలిన జెలటిన్ పొర కంటికి ఆనదు. అందుకే ముందువైపు నుంచి చూసేవాళ్లకు బంగారం అద్దంలా కనబడుతుంది. జెలటిన్ కాస్త ఎక్కువైనా ఆ మెరుపు మసకబారుతుంది.

ఇక అసలు చమత్కారం. ఆరిన బంగారం వీపు మీద, అంటే మనం చూడని వైపు, అక్షరాలను తిరగేసి నూనె రంగుతోనో వార్నిష్ రంగుతోనో రాస్తారు. రంగు గట్టిపడ్డాక తడి దూది తీసుకుని, కావాలంటే కొంచెం సుద్దపొడి అద్ది, మొత్తం తుడిచేస్తారు. జెలటిన్ నీటికి లొంగుతుంది, రంగు లొంగదు. రంగు కాచిన చోట బంగారం నిలుస్తుంది, మిగతాదంతా దూదితో పాటు వచ్చేస్తుంది. మనకు కనబడేది బంగారు అక్షరమే అయినా దాని అంచును గీసింది మాత్రం వెనకనున్న రంగు.

ఉండాల్సినదాన్ని కప్పి, పోవాల్సినదాన్ని పోనివ్వడం అనే ఈ ఉపాయం చాలా చేతిపనుల్లో ఉంది. పాత కలంకారీలో నీలిమందు అంటకూడని చోట మైనం పూసేవారు. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో మద్యశాలల అద్దాల మీద నల్లటి బ్రున్స్‌విక్ వార్నిష్ పూసి, మిగిలిన గాజును హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో తినిపించేవారు. ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు రాగి పలక మీద మార్కర్‌తో గీతలు గీసి ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచేదీ ఇదే సూత్రంతో.

అయితే వెనక రాసే ఆ రంగుకు నిక్కచ్చి అంచు ఎలా వస్తుంది? చెయ్యి తిరిగిన ఆర్టిస్టుకు కుంచె చాలు. మిగతావాళ్లకు మరో మాస్క్ కావాలి. ఆ రెండో మాస్క్ కథ అమెరికాలో ఒక కార్ల షెడ్డుకు తీసుకెళ్తుంది. త్రీఎం కంపెనీ అప్పట్లో ప్రధానంగా గరుకు కాగితం అమ్మేది. అక్కడ పనిచేసే రిచర్డ్ డ్రూ సరుకు చూపించడానికి షెడ్డుకు వెళ్తే, కారుకు రెండు రంగులు వేస్తున్న పెయింటర్లు తిట్టుకుంటూ కనిపించారు. రంగు అంటకుండా అతికించిన కాగితం, తీసేటప్పుడు కింది రంగును కూడా ఊడబెరుకుతోంది. డ్రూ 1925లో మాస్కింగ్ టేప్ తెచ్చాడు: అంటుకునేంత జిగురు, వదిలేటంత మెతకదనం. ముడతల కాగితం వాడటంతో టేపు వంపుల వెంట సాగింది.

ఆ ముడతల్లోనే ఒక ఇబ్బంది కూడా ఉంది. టేపు అంచు కింద ప్రతి ముడతా ఒక సన్నటి కాలువ. సందు ఎంత ఇరుకైతే కేశనాళికీయత అంత బలంగా రంగును లోపలికి లాగుతుంది. గోడలకు రంగులేసేవాళ్లకు దీనికో విరుగుడు తెలుసు: ముందు టేపు అంచు వెంట రంగులేని వార్నిష్ పూస్తే, సందుల్లోకి దూరేది అదే దూరి దారి మూసేస్తుంది. బంగారం మీద ఈ విరుగుడు వికటిస్తుంది. దూరిన వార్నిష్ కంటికి కనబడదు గానీ, దాని కింద బంగారం నిలిచిపోతుంది! తుడిచాక చూస్తే అక్షరం అంచు ఎలుక కొరికినట్టు ఉంటుంది. ఇక్కడ పారదర్శకమైన వార్నిష్ కూడా మాస్కే మరి. కాబట్టి ముడతల్లేని ప్లాస్టిక్ మాస్క్ ఎంచుకోవాలి, అంచును గట్టిగా నొక్కాలి, చిక్కటి రంగును పలచగా వేయాలి, అది పూర్తిగా ఎండకముందే మాస్క్ లాగేయాలి. ఎండిపోతే రంగు పొర టేపుతో కలిసి చిరుగుతుంది.

ఇంకో చిక్కు: జెలటిన్ పట్టు ఎంత బలహీనమంటే టేపుతో పాటు బంగారమే ఊడి రావచ్చు. అందుకని టేపును ముందు ఒకసారి గుడ్డకు అతికించి తీస్తారు. జిగురు కాస్త చచ్చాక బంగారం మీద వాడతారు.

చరిత్ర అంటారా, గాజు మీద బంగారం రోమన్ల నాటికే ఉంది. ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీని తన పుస్తకంలో ఆ పద్ధతి రాసిపెట్టాడు. 18వ శతాబ్దపు పారిస్ కళాకారుడు గ్లోమీ పేరు మీదుగానే దీన్ని ఫ్రెంచివాళ్లు ఎగ్లోమిజే అన్నారు. 1980ల నుంచి కంప్యూటర్ చెప్పినట్టు వినైల్‌ను కోసే ప్లాటర్లు వచ్చి, చాకుతో మాస్క్ కోసే శ్రమ తగ్గించాయి. తుడిచే దూది మాత్రం మారలేదు.

సైన్సు టీచర్లకు ఒక మాట. కేశనాళికీయత పాఠం చెప్పేరోజు సన్నటి గొట్టాలతో పాటు ఒక గాజు పలక, ముడతల మాస్కింగ్ టేప్, ప్లాస్టిక్ టేప్, పలచటి రంగు, చిక్కటి రంగు కూడా తరగతికి తీసుకెళ్లండి. ఏ టేపు అంచు కింద ఏ రంగు దూరిందో, ఎందుకు దూరిందో పిల్లల చేతే చెప్పించండి.