గదిలో చిక్కిన పిల్లి

'పిల్లలు' అనే మాటకు ఒక్క కొమ్ము చేర్చితే 'పిల్లులు' అవుతుంది. వ్రాతలో ఇంత దగ్గరి చుట్టాలైనా, కొన్ని ఇళ్ళలో ఈ ఇద్దరికీ బొత్తిగా పొసగదు.

మీ పిన్నికి క్రొత్తగా వివాహమైందనుకోండి. ఆమె కాల్గరీలోని బాబాయి ఇంటికి కాపురానికి వెళ్ళింది. ఆ ఇంట్లో ఆరేళ్ళుగా ఒక పిల్లి ఉంది. బాబాయి ఒడిలో అది వెన్నముద్ద. పిన్ని మెట్లు ఎక్కితే మాత్రం వెంటపడి మడమ కొరుకుతుంది. ఆమె సోఫాలో కూర్చుంటే బుసకొడుతుంది. సెలవులకు వెళ్ళిన మీ చేతిని కూడా ఒకసారి గీరింది. "దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దామా?" అనే మాట పిన్ని నాలుక చివరి దాకా వచ్చి ఆగింది. ఎందుకంటే, బాబాయి ఈ దేశానికి వచ్చి ఒంటరిగా గడిపిన చలికాలాలన్నింటిలో ఆయనకు తోడున్నది ఆ పిల్లే.

ఇప్పుడు ఆ పిల్లి వైపు నుండి చూద్దాం. కుక్కల పూర్వికులైన తోడేళ్ళు గుంపులుగా బ్రతికేవి. పిల్లుల పూర్వికులైన అడవిపిల్లులు ఒంటరిగా వేటాడేవి, ఎవరి హద్దు వారిదే. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 ఏళ్ళ నాటి సమాధిలో మనిషి ప్రక్కనే పాతిపెట్టిన పిల్లి అస్థికలు దొరికాయి. ఇంతకాలం మనతో కలిసి ఉన్నా, తన హద్దులోకి క్రొత్తవారు వస్తే బెదిరే గుణం పిల్లిని వదలలేదు. పిన్ని దాని దృష్టిలో అత్తవారింటికి వచ్చిన కోడలు కాదు. తెలియని వాసనతో తన చోటులోకి వచ్చిన పెద్ద ప్రాణి, అంతే.

పిల్లినైనా గదిలో పెట్టి కొడితే పులి అవుతుందని మన పెద్దలు అంటారు. ఆ మాటలోని కీలకం 'గది'. పారిపోయే దారి ఉన్నంతవరకు పిల్లి పోట్లాటకు దిగడం అరుదు. మూలకు నెట్టినా, మంచం క్రింద చేయి పెట్టి లాగినా, వద్దంటున్నా ఎత్తుకున్నా దానికి మిగిలే దారి పళ్ళూ గోళ్ళూ మాత్రమే.

మరి అరిచి భయపెడితే? తెనాలి రామకృష్ణుని పిల్లి కథ మీకు తెలిసే ఉంటుంది. రాయలవారు ఇచ్చిన పిల్లికి రామకృష్ణుడు మొదటిరోజే మరిగిన పాలు పోశాడు. నోరు కాలిన ఆ పిల్లి ఆ తరువాత పాలగిన్నె కనబడితే చాలు పరుగు తీసింది. మనం కవి తెలివికి నవ్వుతాం. (ఆ పిల్లి తరఫున మాట్లాడినవారు ఎవరూ లేరు.) ఒక్క చేదు అనుభవాన్ని పిల్లి ఎంతగా గుర్తుంచుకుంటుందో ఆ కథ చెబుతుంది. పిన్ని దానిపై నీళ్ళు చల్లితే అది 'కొరకకూడదు' అని నేర్చుకోదు. 'ఈమె వస్తే కీడు' అని నేర్చుకుంటుంది.

కొన్నిసార్లు కోపం మన మీద కానే కాదు. కిటికీ బయట మరొక పిల్లి తిరుగుతుంది. అద్దం అడ్డుగా ఉంది కనుక లోపలి పిల్లి దాన్ని ఏమీ చేయలేదు. అదే సమయంలో మీరు ప్రక్కనుండి వెళతారు. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్లు అది మీ కాలు పట్టుకుంటుంది. ఇంకొకటి, కెనడా చలిలో నెలల తరబడి ఇంట్లోనే ఉండే పిల్లికి వేటాడడానికి ఏముంది? కదిలే పాదాలే దానికి ఎలుకలు! కర్రకు ఈకను కట్టి ఉదయం, సాయంత్రం కాసేపు పరుగెత్తించి, ఆపై ఆహారం పెడితే మడమలకు చాలావరకు విముక్తి. కాని ఎప్పుడూ సాధువుగా ఉండే పిల్లి హఠాత్తుగా కరవడం మొదలుపెడితే పంటినొప్పో కీళ్ళనొప్పో ఉండవచ్చు. ముందు పశువైద్యునికి చూపించాలి.

కరిచే ముందు పిల్లి దాదాపు ఎప్పుడూ హెచ్చరిస్తుంది. తోకను అటూ ఇటూ విసురుగా కొడుతుంది. కుక్క తోక ఊపడం చూసి అలవాటైనవారు దీన్ని సంతోషమనుకుని చేయి చాస్తారు! చెవులు వెనుకకు వాలుతాయి, కనుపాపలు పెద్దవవుతాయి, వీపు చర్మం అదురుతుంది. అప్పుడు చేయి వెనక్కు తీసుకుని దాని దారి విడిచి ప్రక్కకు జరగండి.

గోళ్ళు తీయించేస్తే సరిపోదా అని ఎవరైనా అనవచ్చు. కొస కత్తిరించడం వేరు, తీయించడం వేరు. రెండవదానిలో ప్రతి వేలి చివరి ఎముకనూ కోసివేస్తారు. మన వేళ్ళను చివరి కణుపు దగ్గర నరికినట్లన్నమాట. కెనడా పశువైద్యుల సంఘం 2017లో దీన్ని వ్యతిరేకించింది. 2018లో నోవాస్కోషియా, అదే సంవత్సరం బ్రిటిష్ కొలంబియా దీన్ని నిషేధించాయి.

పిల్లి కరిస్తే మాత్రం దాచకండి. దాన్ని పంపించేస్తారేమోననే భయంతో పిల్లలు దాచిపెడతారు. పిల్లి పళ్ళు సూదుల వంటివి. గాయం చిన్నదిగా కనిపించినా లోతుగా దిగి చీము పట్టవచ్చు. వెంటనే సబ్బుతో, కుళాయి నీటి క్రింద పదిహేను నిమిషాలు కడిగి, పెద్దలకు చెప్పి, ఆ రోజే వైద్యునికి చూపించండి. అంటారియో వంటి చోట్ల వైద్యులు కాటు సంగతిని ప్రజారోగ్య శాఖకు తెలియజేస్తారు. అది పిల్లిని శిక్షించడానికి కాదు, రేబిస్ లేదని నిర్ధారించుకోవడానికి. సాధారణంగా పిల్లిని పది రోజులు ఇంట్లోనే ఉంచి గమనిస్తారు.

ఇక పిన్ని చేయగలిగినది, ఏమీ చేయనట్లు కనిపించే పని. ఆమె వాడిన చున్నీని పిల్లి పడుకునే చోట ఉంచితే ఆ వాసన ఇంటి వాసనలో కలుస్తుంది. ఇకపై ఆహారం బాబాయి కాక పిన్నే పెట్టాలి. గిన్నె పెట్టి దూరంగా జరగాలి, పిలవకూడదు. అది చూసినప్పుడు కళ్ళను మెల్లగా మూసి తెరవాలి. ఇలా చేసిన మనిషి దగ్గరకు పిల్లులు ఎక్కువగా వస్తాయని ఇంగ్లండులోని ససెక్స్, పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2020లో ప్రకటించారు.

దీనికి వారాలు పట్టవచ్చు, నెలలూ పట్టవచ్చు. కొన్ని పిల్లులు ఒడిలోకి ఎన్నటికీ రావు. ఒకనాటి సాయంత్రం పిన్ని మెట్లు ఎక్కుతుండగా అది మూడవ మెట్టుపై కూర్చుని, తోక కదపకుండా, ఆమెను దాటిపోనిస్తుంది. పిన్ని వెంటనే బాబాయికి ఫోను చేసి ఆ సంగతి చెబుతుంది.