కాల్లా లిల్లీ దుంపలను కాపాడు విధము

పూలమొక్కలపై మక్కువగల రైతులు వెలపెట్టి కాల్లా లిల్లీ దుంపలను కొని, పెరటిలో నాటి, మొదటి యేడు పూలుచూచి సంతసించి, రెండవ యేడు మొలక రాక విచారించుట కలదు. ఇందులకు కారణము తరచుగా నేల లోపము గాదు. విశ్రాంతికాలమున దుంపకు తగిలిన తడియే.

పేరు లిల్లీ యైనను ఇది లిల్లీ జాతిది గాదు. మన చేమ, కందల కుటుంబములోనిది. 1753లో లిన్నేయసు దీనిని కాల్లా యను ప్రజాతియందు చేర్చెను. 1826లో స్ప్రెంగెల్ వేరుపరచి జాంటెడెస్కియా యని పేరిడెను. అయినను పాతపేరే వాడుకలో నిలిచినది. దీని జన్మస్థానము ఆఫ్రికా దక్షిణభాగము. మనము పువ్వనుకొను దొప్ప నిజమునకు మారిన ఆకు. దాని నడుమనున్న కంకిపై నంటియుండు సూక్ష్మమైనవే అసలు పూలు.

ఇందు రెండు తరగతులు కలవు. తెల్లనిది చిత్తడినేల మొక్క. నీలగిరులవంటి చల్లని సీమలలో నీరున్నచో ఏడాది పొడవునను పచ్చగా నుండును. పసుపు, గులాబి మొదలగు రంగుల రకములు పూత ముగిసిన పిమ్మట ఆకు మాడ్చి, దుంపగా నిద్రించును. ఈ భేదమెరుగక రెండింటికిని ఒకేరీతిగ నీరు పెట్టరాదు.

మంచు కురియు దేశములవారు చలికి ముందే దుంపలను త్రవ్వి ఇంట దాచుదురు. మన మైదానములలో శత్రువు చలి గాదు. వేసవి వేడిమియు, ఆపై వానల చెమ్మయు. కావున వారు చలికాలమున చేయు పనిని మనము వేసవి మొదట చేయవలెను.

రంగు రకముల దుంపలను వానలు వెనుకబట్టిన పిమ్మట, అక్టోబరు నెలలో నాటుట మేలు. నీరు నిలువని గుల్లనేలలో బాగుగ చివికిన పెంటయెరువు కలిపి, మొలక కన్నులు పైకుండునట్లు మూడు నాలుగంగుళముల లోతున, అడుగెడముగా నాటవలెను. మధ్యాహ్నపు ఎండ తగులకుండ నీడ యుండవలెను. రెండు మూడు నెలలకు పూయును.

ఆకులు పండుబారినంతనే నీరు తగ్గించి, పిదప మానివేయవలెను. పచ్చని ఆకును కోయరాదు. అది వాడులోపల తన సారమును దుంపకు చేర్చును. ఆకులు పూర్తిగా ఎండినపిమ్మట దుంపలను గాయపడకుండ త్రవ్వి, మన్ను దులిపి, నీడలో కొన్నిదినము లారనిచ్చి, పొడి ఇసుకలోగాని రంపపు పొట్టులోగాని ఒకదాని నొకటి తాకకుండ పేర్చి, ఇంటిలో గాలియాడు చల్లని తావున నుంచవలెను. ప్లాస్టికు సంచిలో మూటగట్టరాదు. కుండీలోని దానిని త్రవ్వకయే, నీరు మాని, కుండీని నీడలో ప్రక్కకు పరుండబెట్టినను చాలును.

నెలకొకమారు చేతితో నొక్కి చూడవలెను. మెత్తబడి దుర్గంధము వీచునది సూక్ష్మజీవులచే కుళ్లినది; దానిని వెంటనే వేరుచేసి పారవేయవలెను. లేనిచో ఆ కుళ్లు తక్కిన దుంపలకును ప్రాకును. దుంపను కోసి నాటదలచినచో కోతముఖము బాగుగ నారవలెను.

మరియొక హెచ్చరిక. పచ్చి కందను నమలిన నోరు దురదపెట్టుట మన మెరుగుదుము. కాల్లా మొక్కలోను అట్టి సూదులవంటి స్ఫటికములే గలవు; కాని దీనిని కందవలె వండి తినరాదు. పిల్లలు నోట బెట్టుకొనకుండ, పశువులు మేయకుండ చూచుకొనవలెను. నిలువచేసిన దుంపలను కూరదుంపల ప్రక్క నెన్నడును ఉంచరాదు.

ఈ జాగ్రత్తలు పాటించినచో ఏటేట దుంపలను కొనవలసిన పనియుండదు. దుంప తానే పిల్లలు వేసి పెరుగును గనుక, ఇరుగుపొరుగు సభ్యులకును పంచవచ్చును.