ఇది టోకెన్ కాదు

మదురై జిల్లా వాడిపట్టి తాలూకాలో పొంగల్ అంటే పాలమేడు, అలంగానల్లూరు జల్లికట్టు. అక్కడ ఎద్దు వాడివాసల్ (బరిలోకి వదిలే ద్వారం) దాటి బయటికి దూకాలంటే దాని యజమాని ముందు ఆన్‌లైన్ ఫారం దాటాలి. 2025లో ఈ రెండు ఊళ్ళకూ, మదురైలోని అవనియాపురానికీ కలిపి 12,632 ఎద్దులు, 5,347 మంది పట్టేవాళ్ళు నమోదయ్యారు. ఒక్క అలంగానల్లూరుకే 5,786 ఎద్దులు. కాగితాలు సరిచూశాక అర్హులైన వాళ్ళకే టోకెన్. అంటే పేరు నమోదవడం వేరు, బరిలోకి దిగడం వేరు. ఎద్దుకు ఈ తేడాతో పని లేదు. యజమానికి ఉంది.

ఆ జిల్లా ఫారం సంగతి అధికారులు చూసుకుంటారు. మన ఊరి సంఘం తరఫున ఇలాంటి నమోదుకు మనమే గూగుల్ ఫారమ్స్‌లో ఒకటి తయారు చేశామనుకుందాం. నింపి పంపగానే, మీ జవాబు నమోదైందని అది తనంతట తాను ఒక ముక్క చూపిస్తుంది. అబద్ధం కాదు. కానీ అది యంత్రం తన పని అయిందని చెప్పుకోవడం. నింపినవాడు దాన్ని తన పని అయిందని చదువుకుంటాడు. గొడవంతా అక్కడే పుడుతుంది.

ఆ ముక్కను సెట్టింగ్స్‌లో, ప్రెజెంటేషన్ కింద మార్చుకోవచ్చు. అయితే అది తెరమీద మాత్రమే కనిపిస్తుంది, తెర మూస్తే పోతుంది. ఈమెయిల్ చిరునామా అడిగి, నింపినదాని నకలు పంపే ఏర్పాటు కూడా ఉంది. అందులో ఆయన రాసిందే ఆయనకు తిరిగి వస్తుంది. ఆయన పుట్టినతేదీ ఆయనకు ముందే తెలుసు. మన మాటలతో ఉత్తరం వెళ్ళాలంటే గూగుల్ యాప్స్ స్క్రిప్ట్‌లో నాలుగు వరుసలు రాయాలి: ఫారం అందినప్పుడల్లా పేరు, ఎద్దు వివరం తీసుకుని మెయిల్ పంపమని. మామూలు ఖాతాకు రోజుకు వందమందికే అనుమతి. ఆ లెక్కన 2025 అలంగానల్లూరు ఎద్దులకు జనవరి 6న మొదలుపెడితే చివరి ఉత్తరం మార్చి 4న చేరుతుంది. అప్పటికి ఎద్దు పొంగల్‌ను మరిచిపోయి ఉంటుంది.

ఇక ఉత్తరంలో ఏం రాయాలి? ముందు, అందినదేమిటి. వెంటనే, ఇది టోకెన్ కాదని. తర్వాత, ఇంకా చేయాల్సింది ఏమిటి, ఏ తేదీలోగా. చివర, సందేహమొస్తే మాట్లాడే మనిషి నంబరు. జవాబివ్వకూడని చిరునామా నుంచి పంపి "సందేహాలుంటే సంప్రదించండి" అని రాయడం తలుపు మూసి "లోపలికి రండి" అన్నట్టు ఉంటుంది. సబ్జెక్టులో సంఘం పూర్తి పేరు, రిజిస్టర్ నంబరు పెట్టకండి. ఫోన్ తెర దాన్ని సగంలో కోసేస్తుంది, మిగిలేది సంఘమే, సంగతి కాదు.

ఒక చిక్కు బ్రౌజింగ్ సెంటరుతో వస్తుంది. అక్కడి కుర్రాడు తన మెయిల్ ఇచ్చి ఫారం నింపితే మనం చెక్కిన ఉత్తరం అతనికే అందుతుంది. కాబట్టి ఎస్సెమ్మెస్ కూడా పంపాలి. ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడితే తమిళానికీ తెలుగుకీ 70 మాత్రమే. గుణింతాలూ అందులోనే లెక్క. మర్యాదలకు చోటుండదు.

ఇంకో చిక్కు మన భాషది. మదురై వైపు తెలుగు ఇళ్ళలో మాట తెలుగు, బడిలో నేర్చింది తమిళం. అభిమానంతో తెలుగు లిపిలో పంపితే చాలామంది దాన్ని ముగ్గులా చూస్తారు. తెలుగునే తమిళ లిపిలో పెడదామంటే అందులో క, గ లకు ఒకటే అక్షరం. గాలి, కాలి ఒకేలా ఉంటాయి. ఉత్తరం తమిళంలోనే పోనివ్వండి. తెలుగు ఫోన్ ఎత్తే మనిషి నోట్లో ఉంటే చాలు.

పంపే ముందు ఒక పరీక్ష పెట్టండి. ఉత్తరాన్ని ఇంట్లో పెద్దాయనకు ఒక్కసారి చదివి వినిపించి, "తాతా, ఇప్పుడు మనమేం చెయ్యాల?" అని అడగండి. "టోకెన్ వచ్చేసింది కదరా" అంటే తప్పు ఆయనది కాదు. మళ్ళీ రాయండి.