షేక్ తాగితే భోజనం అయినట్టేనా?

ఎనిమిదిన్నరకి ల్యాబ్, ఎనిమిదింటికి మెలకువ. ఇక మెస్‌కి వెళ్లే టైమెక్కడిది? అందుకే మా హాస్టల్లో టేబుల్‌కో షేకర్ బాటిల్ వెలిసింది. పైగా "బరువు కూడా తగ్గుతాం" అన్న ఆశ.

తగ్గొచ్చు. కానీ మహిమ పొడిలో లేదు, లెక్కలో ఉంది. బరువు తగ్గడానికి భోజనం బదులు తాగే షేక్‌లో 200 నుంచి 250 కేలరీలే ఉండాలని యూరప్ నిబంధన. పూట భోజనం మానేసి తాగితేనే ఆ లెక్క కుదురుతుంది. నేను మొదటి నెలంతా షేక్ తాగి, పదకొండింటికి క్యాంటీన్లో ఎగ్ పఫ్ లాగించాను. నమిలి తిన్నది ఆపినంతసేపు తాగింది ఆకలిని ఆపదు మరి!

ఇంకో పొరపాటు, జిమ్ వాళ్ల వే ప్రోటీన్‌నే భోజనం అనుకోవడం. ఒక స్కూప్‌లో సుమారు 120 కేలరీలు, అందులో ఎక్కువభాగం ప్రోటీనే. పీచు దాదాపు సున్నా. భోజనం బదులు తాగేదాంట్లో విటమిన్లు, ఖనిజాలు కూడా ఉండాలి. డబ్బా వెనక చదవండి. అక్కడ రాసిన కేలరీలు నీళ్లలో కలిపితేనా, పాలల్లోనా అన్నది కూడా చూడండి. ఒక గ్లాసు టోన్డ్ పాలే ఇంకో 120 దాకా కలుపుతాయి.

ఇప్పుడు ల్యాబ్ ఉన్న మూడు రోజులే షేక్, తోడుగా ఒక జామకాయ. మిగతా రోజులు మెస్ ఇడ్లీయే, చట్నీ ఎంత పల్చగా ఉన్నా సరే.