కాడ్మియం, ఒక కలుపు మొక్క, మన అన్నం

మన వృత్తిలో ఒక పాత చిట్కా ఉంది. ఎవరో రాసి వెళ్ళిపోయిన ప్రోగ్రాములో ఒక ఫంక్షను ఏం చేస్తోందో అర్థం కాకపోతే, దాన్ని కాసేపు తీసేసి ఏది చెడుతుందో చూస్తాం. వృక్షశాస్త్రవేత్తలు చేసేదీ ఇదేనని తెలిసినప్పుడు నాకు భలే సరదా వేసింది.

కాడ్మియం సంగతే చూద్దాం. జింకు గనుల వ్యర్థాలలో కనబడే ఈ లోహం మొక్కలకి విషం. అయినా కొద్ది మోతాదు అయితే తట్టుకుంటాయి. ఎలా? మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ కాబెట్ బృందం ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న కలుపు మొక్కని తీసుకుంది. జన్యువులు అక్కడక్కడ చెడిన మొక్కలని కాడ్మియం కలిపిన మాధ్యమంలో పెంచారు. మామూలు మొక్కలు తట్టుకున్న మోతాదుకే కొన్నిటి వేళ్ళు గోధుమరంగుకి తిరిగాయి. అలాంటి ఒక రకానికి కాడ్-1 అని పేరు పెట్టారు. ఫైటోకెలాటిన్ అనే పదార్థాన్ని తయారుచేసుకోలేకపోవడమే దాని లోపమని 1995లో తేల్చారు. ఆ పని చేసే ఎంజైముకి సంబంధించిన జన్యువు 1999లో దొరికింది.

ఈ ఎంజైము గ్లూటాథయోన్ అనే చిన్న అణువులని గొలుసుగా అల్లుతుంది. ఆ గొలుసులోని గంధకం కాడ్మియాన్ని పట్టుకుంటుంది. పట్టుబడ్డ లోహాన్ని కణం తన రిక్తిక అనే సంచిలో పడేసి తలుపు వేసేస్తుంది. అంటే మొక్క విషాన్ని బయటికి పంపలేదు, దాచుకుంది!

తినేవాళ్ళకి చిక్కు ఇక్కడే. పైరు పచ్చగానే ఉంటుంది, గింజలో మాత్రం విషం చేరవచ్చు. జపానులో జింజూ నది నీటితో పండిన వరి తిన్నవాళ్ళకి ఎముకలు పెళుసుబారే 'ఇటాయ్-ఇటాయ్' జబ్బు వచ్చింది. ఆ మాటకి 'నొప్పి, నొప్పి' అని అర్థం. కాడ్మియమే కారణమని అక్కడి ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది.

వరిలో రెండు జన్యువులు ముఖ్యం. ఒకటి హెచ్.ఎం.ఏ.-3. ఇది కాడ్మియాన్ని వేళ్ళలోని రిక్తికలలోనే బంధిస్తుంది. ఇది చెడితే లోహం పైకి ఎక్కి గింజకి చేరుతుంది. ఆ సంగతి 2010లో తెలిసింది. రెండోది ఎన్‌ర్యాంప్-5, అంటే నేల నుంచి వేరులోకి వచ్చే ద్వారం. ఇది చెడితే లాభం మనకే! జపాను శాస్త్రవేత్తలు కోషిహికారి వరిలో ఈ జన్యువు చెడిన రకాలని 2012లో చూపించారు. వాటి గింజల్లో కాడ్మియం దాదాపు లేదు.

అయితే మొక్కకి కావలసిన మాంగనీసు కూడా ఆ ద్వారం గుండానే వస్తుంది. నేలలో మాంగనీసు తక్కువైతే పైరు దెబ్బతినవచ్చు. ఒక బగ్గు సరిచేసేముందు ఆ ఫంక్షనుని ఇంకెవరు పిలుస్తున్నారో చూసుకోవాలని మనకి తెలిసిందేగా. వరి విషయంలోనూ అంతే.